నలుచదరం పళ్ళెం

ఇలోయిలో అనే రేవు ఊళ్ళో కొత్తగా తెరిచిన ఖరీదైన ఇటాలియన్ హోటలు. కిటికీ పక్క బల్ల దగ్గర సలూద్, ఆమె కూతురు రొవీనా, రొవీనాను చేసుకుంటానని తిరుగుతున్న డిండో. ఓడలో ఆఫీసరు ఉద్యోగం వచ్చినందుకు విందు డిండోదే.

"ఇదేంటి, ఇంతేనా?"

"మొదటి వంటకమేగా అమ్మా. ఇంకా వస్తాయి."

"పళ్ళెం చూస్తే చేటంత, తిండి చూస్తే చిటికెడంత. చుట్టూ ఆ పచ్చనూనె చుక్కలేంటే? వడ్డిస్తూ ఒలకబోసుకున్నాడా?"

"అది అలంకారం ఆంటీ. ఇక్కడ అలాగే..."

"నిన్నడిగానా, డిండో? నా కూతుర్ని అడుగుతున్నా."

"సరే ఆంటీ. పోనీ, ఈ అన్నం వంటకం రుచి చూడండి. దీనికోసమే ఊరంతా వస్తోందట."

"ఇదా? జ్వరమొస్తే నేను కాచే జావ ఇది! కాకపోతే నేను అల్లం వేస్తాను, మీద వేయించిన వెల్లుల్లి చల్లుతాను. జ్వరమొచ్చినవాడు లేచి కూర్చుంటాడు. ఇది తింటే మంచి మనిషి మంచమెక్కుతాడు."

"అమ్మా, మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ ఎర్రగా పల్చగా పరిచిందేంటి? పచ్చి మాంసమా? పొయ్యి వెలిగించడం కూడా రాదా వీళ్ళకి? ఈ నూడుల్స్ కూడా అంతే, పళ్ళకింద కటకటమంటున్నాయి."

"అలా కాస్త పలుకుగా ఉంటేనే ఇటలీవాళ్ళకి ఇష్టం ఆంటీ."

"గ్యాసు మిగులుతుంటే ఎందుకిష్టం ఉండదూ! స్పఘెట్టీ అంటే తియ్యగా ఉండాలి, మధ్యలో హాట్‌డాగ్ ముక్కలు తగలాలి. నీ పుట్టినరోజుకి నేను చేస్తే వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. గుర్తుందా రొవీనా?"

"గుర్తుందమ్మా. కానీ ఇవాళ డిండో పండగ. ఒక్క మంచి మాట అనొచ్చుగా."

"అంటాను. మంచినీళ్ళు బాగున్నాయి."

"అమ్మా, మిమ్మల్ని నేనొకటి అడగాలని..."

"ఎవరికయ్యా అమ్మ? రొవీనాకి అమ్మని. నీకు ఆంటీని."

"పొరపాటే ఆంటీ. ఓడెక్కేలోపు మీరు మా పెళ్ళికి ఊ అంటే..."

"అదిగో, నీ ఫోన్ మోగుతోంది. తీసుకో, తీసుకో."

"మా ఓడ ఏజెన్సీ వాళ్ళు. ఒక్క నిమిషం ఆంటీ, గుమ్మం దగ్గర మాట్లాడి వస్తా."

"వెళ్ళు, వెళ్ళు... ఏయ్ రొవీనా! నీ పళ్ళెం ఎందుకు తిప్పుతున్నావు?"

"భోజనం మధ్యలో ఎవరు లేచెళ్ళినా మిగిలినవాళ్ళు పళ్ళెం తిప్పాలని నువ్వేగా నేర్పావు. వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరాలని."

"వాడు వెళ్ళింది గుమ్మం దాకా. గుమ్మం దగ్గర తుఫానొస్తుందా? అయినా అది మన ఇంటివాళ్ళకి తిప్పేది. దారిన పోయే ప్రతివాడికీ కాదు. నేను తిప్పను. నువ్వూ తిప్పకు."

"డిండో దారిన పోయేవాడా?"

"ఓడ మీద పోయేవాడు. అది ఇంకా అన్యాయం."

"అతనేం తప్పు చేశాడమ్మా?"

"ఏమీ చెయ్యలేదు. మీ నాన్న మాత్రం ఏం చేశాడు? ఆయనకీ ఎప్పుడూ సగం భోజనంలోనే ఓడ నుంచి పిలుపొచ్చేది. నేను పళ్ళెం తిప్పేదాన్ని. తిప్పిన ప్రతిసారీ తిరిగొచ్చాడు. ఆఖరిసారి మాత్రం తీరిగ్గా తిన్నాడు, చేప తలకాయ కూడా వదల్లేదు, చెయ్యి కడుక్కుని మరీ వెళ్ళాడు. ఇంక తిప్పడానికి బల్లమీద ఏముంది, నా మొహం?"

"అమ్మా..."

"రేవు వైపు చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. నువ్వు కూడానా? నేను ఒప్పుకోను. వాడు ఇలాంటి విందులు ఎన్నిచ్చినా ఒప్పుకోను. కనీసం వంట బాగున్నా ఆలోచించేదాన్ని."

"మెల్లగా! వస్తున్నాడు."

"రొవీనా, ఆంటీ, నేను ఇప్పుడే వెళ్ళాలి. ఓడ ముందే బయల్దేరుతోందట. ఈ రాత్రి విమానానికే మనీలా రమ్మన్నారు."

"ఇప్పుడా? నువ్వింకా తిననే లేదు డిండో!"

"ఏం చెయ్యను? కారు బయట ఉంది. బిల్లు కట్టేశాను, మీరు నిదానంగా తినండి. ఆంటీ, మీ చెయ్యి ఇవ్వండి. నుదుటికి ఆనించుకుని, మీ దీవెన తీసుకుని వెళ్తా."

"నా చెయ్యి నూనెగా ఉంది."

"పర్లేదు ఆంటీ."

"నూనెగా ఉందన్నానా? వెళ్ళు, విమానం వెళ్ళిపోతుంది."

"సరే... వెళ్ళొస్తా ఆంటీ. రొవీనా, చేరగానే ఫోన్ చేస్తా."

"చూశావా, నాలుగు ముద్దలు కూడా తిన్లేదు. ఉడికితేగా తినడానికి!"

"చాలమ్మా! ఇంకొక్క మాట అనకు. చెయ్యి అందిస్తే నీ సొమ్మేం పోయింది? దీవెన లేకుండా సముద్రం మీదికి వెళ్తున్నాడు. తృప్తేగా నీకు?"

"ఏడుపాపు."

"ఆపను."

"ఆపి ముందు నీ పళ్ళెం తిప్పు."

"ఏంటీ?"

"తిప్పవే! కారు మలుపు తిరగకముందే తిప్పు. నాది వాడు వెళ్ళాలనగానే తిప్పేశా. దిక్కుమాలిన పళ్ళేలు, నలుచదరంగా చేసి చచ్చారు, తిరిగిందో లేదో కూడా తెలీదు. ఉండు, ఇంకోసారి తిప్పుతా. వాడిది కూడా ఇటు జరుపు."

"మన ఇంటివాళ్ళకే తిప్పాలన్నావుగా..."

"అన్నాను. ఎవరు కాదన్నారు? ఏయ్ బాబూ, వడ్డించే బాబూ! ఆ పళ్ళేలు తియ్యకు! ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. నువ్వెళ్ళి ఆ పక్క బల్లలవాళ్ళందరికీ చెప్పు, ఒక్కసారి తినడం ఆపి పళ్ళేలు తిప్పమను. మా అల్లుడు ఓడెక్కడానికి వెళ్తున్నాడని చెప్పు."