ఎర్ర సిరా చదవని గులాబ్ బీ

అధ్యక్షస్థానంలో ఉన్న డాక్టర్ రాజేశ్వర్ రావు గారికి, వేదిక మీది పెద్దలకు, పొయ్యి మీది గిన్నె దించి వచ్చి మరీ వెనక నిలబడ్డ వంటశాల వాళ్లకు, తోటి నర్సులకు నమస్కారం. ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మా ఆయా గులాబ్ బీకి మాత్రం విడిగా, రెండు చేతులూ ఎత్తి.

నేను మానసిక వార్డులో నర్సుగా చేరింది పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటిదాన్ని కాబట్టి, మంచాలకు వేలాడే కేసు కాగితాల మీది ఇంగ్లీషు గడగడా చదివి గొప్పపడేదాన్ని. మా వార్డుబాయ్ మొగిలన్నా, మీరు నవ్వకండి, మందుసీసాల పేర్లు నా చేత చదివించుకున్నది మీరే. (నవ్వులు) గులాబ్ బీకి చదువు రాదు. రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా గంజి చల్లార్చి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తాగించేది. ఎండాకాలం ఆమె నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికెల వాసన ఇప్పటికీ నాకు తగులుతూనే ఉంటుంది.

కొన్ని కాగితాల మీద ఎర్ర సిరాతో 'పర్సనాలిటీ' అని, అంటే వ్యక్తిత్వంలో లోపమని ఉండేది. మతి చలించినవాళ్ల మీద మాకు జాలి ఉండేది. ఈ మాట పడ్డవాళ్ల మీద అదీ లేదు. జబ్బేమీ లేదు, బుద్ధే వంకర అని మాలో మేము అర్థం చెప్పుకున్నాం. ధర్మసాగర్ నుంచి వచ్చి చేరిన చిలుకమ్మ కాగితం మీద ఆ మాట ఉంది. పొద్దున నా చెయ్యి పట్టుకుంటే వదిలేది కాదు, సాయంత్రం కంచం విసిరేది. ఒకరోజు కడుపునొప్పి అని మెలికలు తిరిగింది. నేను కాగితం చూసి, యాక్టింగ్ అన్నాను.

గులాబ్ బీ చీపురు పక్కన పెట్టి ఆమె కడుపు మీద చెయ్యి వేసింది. "ఏం బిడ్డా, చెయ్యి వెయ్యకుంటనే యాక్టింగని నీకెట్ల ఎరుకైంది?"

"కాగితంల ఉన్నది, బీ."

"కాగితానికి కడుపున్నదా? డాక్టర్ సాబ్‌ను పిలువు. నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

డాక్టర్ కోసం పోయింది గులాబ్ బీనే. అపెండిక్స్ పగలబోతోందనీ, ఇంకో రెండు గంటలు ఆగితే మనిషి దక్కేది కాదనీ సర్జన్ గారు అన్నారు. రాజేశ్వర్ రావు సార్, డాక్టర్‌ను పిలిపించింది నేనే అనుకుని ఆ రోజు మీరు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. నేను ఊరుకున్నాను. గులాబ్ బీ కూడా ఊరుకుంది.

ఇన్నేళ్లకు చెబుతున్నాను, క్షమించండి. చిలుకమ్మ అదిగో, మూడో వరుసలో ఉంది. ఆపరేషన్ అయి తిరిగి వచ్చాక కూడా ఆమె కాగితం మీద ఆ ఎర్ర మాట అట్లాగే ఉంది. అది తప్పని అనడానికి నాకంత చదువు లేదు. కానీ అది చదివాక నేను మనిషిని చూడలేదు. సార్, ఒక్క మనవి: కాగితాలను మంచాల నుంచి తీసి డ్యూటీ గదిలో పెట్టనివ్వండి. మీరు నవ్వుతున్నారు, సరే అనుకోమంటారా? (చప్పట్లు)

ఈ పొద్దున విరమణ కాగితాల మీద వేలిముద్ర వేస్తూ గులాబ్ బీ, "ఇగ నాక్కూడ సదువు నేర్పు బిడ్డా, ఇంటికాడ ఏం జేస్త?" అన్నది. తప్పకుండా నేర్పుతాను. ఆమె నేర్పింది మాత్రం రేపే మొదలు: డ్యూటీ ఎక్కగానే ముందు మంచం దగ్గరికి పోతాను. కాగితం తరువాత.

ఇంత ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. గులాబ్ బీ, సెలవు.