ఎమ్.వి. నసీమా

హలో… ఆఁ, నానే. సత్యాన్నే, షిప్పింగాఫీసు సత్యం… ఎక్కడ్నుంచమ్మా?… ఆనందపురం నుంచి ట్రంకాలా? కలపండి, కలపండి. పొద్దుట్నుంచీ దీనికోసమే కూకున్నాను.

హలో! నసీమా!… ఆఁ, మామనే. గట్టిగా మాటాడు తల్లీ, నూతిలోంచి వత్తన్నట్టుంది నీ గొంతు… నాను అరవటం నేదు. ట్రంకాల్లో ఇలగే మాటాడాల.

పెద్దమ్మకెలగుంది?… జొరం తగ్గిందా?… గంజి తాగిందా. సాలు, ఇంక లేచి కూకుంటాది.

ఆ, అయిపోనాది. నీ బయోడేటా టైపు కొట్టీసాను. కార్బనేసి మూడు కాపీలు… ఒకటే సాలా? అలగెలగమ్మా! మా ఆఫీసులో మూడు నేందే ఏ కాయితమూ కాయితం కాదు.

టైముందిలే. ఇప్పుడు నాలుగూ పది. టేసన్లో టపా సంచీ ఐదింటికి కడతారు. ఇయ్యాలెల్తే శనివారానికి బొంబాయిలో ఆ ఫ్యాషను పత్రికోళ్ళకి అందిపోద్ది. శనివారమే కదా ఆఖరు?… తెలుసు, తెలుసు. దేశం మొత్తమ్మీద కాలేజీ పిల్లల్ని ఆరుగుర్నే తీసుకుంటారు. మూడు నెలలు దగ్గర కూకోబెట్టుకుని పని నేర్పుతారు. ఎల్లేముందు పదిసార్లు సెప్పినావు కదా, నాకు కంఠతా వచ్చీసింది.

సదవమంతావా?… సదువుతాను, ఇను. ఇంగ్లీషులో కొట్టాను, తెలుగులో సెప్తాను.

పేరు — ఎమ్.వి. నసీమా.

… ఎమ్.వి. అంటే మోటారు ఓడ… అదీ, సేతి అలవాటు తల్లీ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పేరు అని కనపడితే సాలు, ముందు ఆ రెండచ్చరాలూ సెయ్యే కొట్టీత్తాది… వాళ్ళకేటి తెలుసు! ఇంటిపేరనుకుంటారు.

తయారైంది — పంతొమ్మిదొందల అరవై మూడు, పెద్దాసుపత్రి, విశాఖపట్నం.

పొడుగు — అయిదడుగుల ఒక అంగుళం.

జెండా — ఇండియా.

నీటిలో ములిగే లోతు — ఈత రాదు.

… హలో?… హలో! నసీమా! లైను పోనాదేటి?… ఉన్నావా.

ఏ ఫారమంటే… మా ఫారమే. ఓడొచ్చిందంటే దాని వివరాలన్నీ ఒక్క పేజీలో కొట్టి పోర్టోళ్ళకిత్తాం కదా, అది… ఎందుకంటే నువ్వే అన్నావు, 'మామా, నా గురించి మొత్తం ఒక్క పేజీలో రావాల' అని. ఈ బూమ్మీద ఒక్క పేజీలో మొత్తం వచ్చీ ఫారం ఇదొక్కటే. గ్రీసోడి ఓడా ఇందులో పట్టింది, రష్యావోడి ఓడా ఇందులో పట్టింది. నువ్వు పట్టవేటి?

ఉంది, ఉంది, నువ్వు రాసిచ్చింది ఇక్కడే ఉంది. నాలుగు పేజీలు. సదివాను… బాగుంది. బాగుంది కానీ — 'ఊహ తెలిసిన నాటి నుండి నాకు ఫ్యాషనంటే ప్రాణం' — ఏటమ్మా ఇది? ఏ ఓడకైనా 'దీనికి సముద్రమంటే ప్రాణం' అని రాసిన మొగోడున్నాడా?… అది అందరూ రాత్తారు తల్లీ. ఆ ఆరు సీట్లకీ ఎన్ని కాయితాలొత్తాయో, అన్నిట్లోనూ ఆ ప్రాణమే ఉంటాది.

కోప్పడకు. ఇంకా ఉంది.

కిందటి రేవు — ఆనందపురం. దాని ముందు రేవు — సబ్బవరం… మొన్న మీ సిన్నమ్మ కూతురి నికాకి ఎల్లినావు కదా, అది. రాబోయే రేవు — బొంబాయి. సూసినావా, ఎంత దర్జాగా ఉందో!

మరమ్మతులు — ఏడో తరగతిలో ఎడం కాలు ఇరిగింది. నలభై రోజులు డ్రైడాకులో ఉన్నది… ఓడల్ని గట్టుకెక్కించి బాగుసేసీ సోటు తల్లీ, అది.

ఎలకలు — నేవు.

… ఎలకలే… అరవకమ్మా, సెవి పగిలిపోతంది. ఓడలో ఎలకల్నేవని రాయకపోతే ఏ రేవోడూ లోపలికి రానివ్వడు… పత్రికోడు అడగనేదు, నిజిమే. అడగనేదు కదా అని మనం మానీసామనుకో, 'ఏటిది, ఈ గుంట ఎలకల సంగతేటో దాత్తంది' అనుకోడూ?

… ఎవరూ?… ఆపరేటరుగారా. మూడు నిమిషాలయిపోనాదా? ఇంకో మూడు ఎయ్యండమ్మా… ఆఁ?… మొత్తం ఇన్నారా?… నిజింగానా! నసీమా, ఇనూ, ఆపరేటరుగారికి శానా బాగుందంట!… మీ పేరేటమ్మా?… కనకరత్నంగారు… మీ తమ్ముడికీ ఒకటి కావాలా? స్టీలు ప్లాంటులో ఉజ్జోగానికా?… దానికేటి బాగ్యం, రమ్మనండి. పొడుగు కొలిపించుకుని రమ్మనండి. ఎలకల సంగతి మీరే పూసీగా ఉండాల మరి.

ఆఁ, నసీమా. అసలుది ఇప్పుడొత్తంది. సరుకు.

ఇది ఇన్నాక తిట్టు. 'సరుకు' దగ్గర నాకు సెయ్యాగిపోనాది. నీ నాలుగు పేజీల్లో ఎక్కడో ఆఖర్న 'కుట్టుపని వచ్చును' అని ఒక్క ముక్క ఉంది. వచ్చునా! ఆ ముక్క సూసి నాకు ఒళ్ళు మండిపోనాది. అందుకే మీ నాన్ననడిగాను. ఆడు తలుసుకుని తలుసుకుని సెప్పాడు, నాను కొట్టాను.

పెళ్ళి షేర్వానీలు పదకొండు. కాలర్లన్నీ నసీమాయే.

జాకెట్లు — టన్నులు… లెక్క నేదు మరి, ఏటి కొట్టమంతావు?

స్టీలు ప్లాంటు కట్టుబడిలో తట్టలు మోసే ఆడోళ్ళకి, సెయ్యెత్తితే సంకలో పిగిలిపోకుండా నాలుగు మూలల ముక్కేసి కుట్టిన జాకెట్లు.

సేపలమ్మే పోతమ్మకి లంగాలో జేబు… అది రాయలేదేటి నువ్వు? సిగ్గా? కొంగున కట్టిన సిల్లర ఉప్పునీళ్ళకి నానిపోయి ముడి రాటం నేదని అది గోల పెడితే, పదిహేనేళ్ళ పిల్లవి, రెక్సిను ముక్కేసి లోపల జేబెట్టినావు. ఇప్పుడు జాలారిపేటలో ఆ జేబు నేని లంగా ఒకటి సూపించు! మరి ఫ్యాషనంటే ఏటమ్మా? ఒకర్ని సూసి ఇంకొకరు కుట్టించుకోటమే కదా.

… ఏడుత్తన్నావేటి?… నవ్వుతన్నావా. ఈ లైన్లో రెండూ ఒకలాగే ఇనపడతాయి.

ఉంచీమంతావా సరుకు?… అదీ! అలగ రా దారికి.

ఇంకో రెండు లైన్లే. యజమాని — కరీం బాషా, టైలరు, పాత ఊరు. ఏజెంటు — సత్యం, అంటే నాను.

… ఏటి?… ఇనపడ్నేదు, గట్టిగా!… ఏది తీసీమంతావు? యజమానా? ఓడకి నాన్నుండడు తల్లీ, యజమానే ఉంటాడు… అది కాదా? మరేది?… టైలరా? నాన్న టైలరని రాయొద్దంతావా?

… మరేటని రాయాల?… బిజినెస్సా? గార్మెంట్సు బిజినెస్సా?… ఉన్నది ఒక్క మిషను కదమ్మా. దాన్ని తొక్కితే ఈది సివర కుక్కలు లెగుత్తాయి. అది గార్మెంట్సు బిజినెస్సేటి?

… ఆఁ… ఆఁ… ఆ బొంబాయి పిల్లల నాన్నలు మిల్లుల ఓనర్లూ, పెద్దాపీసర్లూనా… నవ్వుతారా? 'దర్జీ కూతురు ఫ్యాషనుకొచ్చింది' అని నవ్వుతారా?

… మెల్లిగానా? మెల్లిగా మాటాడితే నీకెలగ ఇనపడతాది?… ఎందుకూ?… నా పక్కనెవరున్నారా?

…

మీ నాన్నున్నాడు తల్లీ.

… ముందే సెప్పాల్సింది. నువ్వడగనేదు, నాకు తోచనేదు. మూడింటికే కొట్టు కట్టీసి వచ్చీసాడు, కవరు టేసనుకి తనే పట్టుకెల్తానని. ఎదురుగా బల్ల మీద కూకున్నాడు… ఇన్నాడు. నీ గొంతు ఇనపడదు ఆడికి. నాది ఇన్నాడు. నాది పోర్టు గేటుదాకా ఇనుంటారు.

మొహమా? మొహం మామూలుగానే పెట్టుకున్నాడు. అదే నాకు బాగోనేదు.

ఉండు. లెగిసాడు… బావా, ఏటి?… కాయితమా? ఇదిగో… యజమాని ఏ లైనా? కింద నుంచి రెండోది. ఇంగ్లీషులో ఉంది, ఇదిగో ఇక్కడ… ఎందుకూ?

బావా! ఒరే, ఆగు!

… ఉండమ్మా, సెప్తాను. సెవి మీద సుద్దముక్క తీసాడు… ఆ లైను మీద అడ్డంగా గీతేసీసాడు. బట్ట మీద ఏసినట్టే ఏసీసాడు… ఏటో అంతన్నాడు, ఉండు… 'కొలత తప్పితే గీత మార్చుకోవాల గానీ బట్ట పారీకూడదు' అంతన్నాడు. బిజినెస్సనే కొట్టమంతన్నాడు. 'పిల్ల దారికి నాను అడ్డెందుకు బావా' అంతన్నాడు.

… బావా, ఇదిగో, పిల్ల మాటాడతాదంట… ఒద్దంట. సెయ్యూపుతన్నాడు… కోపం కాదమ్మా. తువ్వాలుతో మొహం తుడుసుకుంటన్నాడు.

నసీమా. ఇను. నాకు శానా బాధగా ఉంది. తప్పు నీది కాదు, ఎదవ గొంతు నాది. అయినా ఒక్క మాటడుగుతాను… తిట్టను. తిట్టటానికి నానెవరు? ఆ సంకలో నాలుగు మూలల ముక్క కొయ్యటం నీకెవరు నేర్పారు?… ఆ కాలరు తిప్పటం?… తెలుసు కదా. నాకు సెప్పక్కర్నేదు.

ఆపరేటరుగారూ, లైను కట్ సెయ్యకండి, ఒక్క నిమిషం… ఇది ఎన్నో మూడు నిమిషాలో మీరూ మర్చిపోనారా?… మీరేటి, ముక్కు సీదుతన్నారు?

ఇప్పుడు సెప్పు తల్లీ. నాలుగూ ఇరవై ఎనిమిది. కొత్త కాయితం ఎక్కించమంతావా? ఎక్కిత్తాను. ఎమ్.వి. తీసీత్తాను, ఎలకలు తీసీత్తాను, ఈతా తీసీత్తాను. నీ ప్రాణం కావాలంటే ఆ ప్రాణమూ కొడతాను. బిజినెస్సూ కొడతాను. కాయితం నీది, బొంబాయి నీది. పావుగంట సాలు నాకు. ఏది పంపాలో నువ్వు సెప్పు.

…

హలో?

…

ఏటీ?… సుద్దా? పోద్ది, ఎందుకు పోదు. దులిపితే పోద్ది… దులిపీమంతావా?

… టైలరు ఉండాలా? నవ్వితే?… నవ్వితే నవ్వనీయమంతావా!

మళ్ళీ సెప్పు. నాకు కాదు. ఉండు… బావా, ఇలగ రా. రా అంతన్నాను కదా! మాటాడకు, ఒట్టినే సెవి పెట్టు. ఇక్కడ, ఇక్కడ… తల్లీ, మీ నాన్న సెవి నీ దగ్గరే ఉంది. సెప్పు.

…

…

హలో, నానే. ఫోను నాకిచ్చీసాడు. ఏటన్నావమ్మా? ఈడేటీ సెప్పడం నేదు… నువ్వూ సెప్పవా?… కనకరత్నంగారూ, మీరిన్నారు కదా, మీరైనా సెప్పండి… అది ఆళ్ళ నాన్నకి మాత్రమే సెప్పిందా? ఇంతసేపూ ఇని, ఇప్పుడొచ్చిందా మీకు మర్యాద!

ఆఁ, నసీమా, దులుపుతన్నాడు. భుజమ్మీద తువ్వాలుతో… పోనాది. అంతా పోనేదు, పల్చగా గీత ఉండిపోనాది. కింద అచ్చరాలు కనపడతన్నాయిలే… ఉండనీయమంతావా? అలగే.

టైలరని పెద్దచ్చరాల్లో ఉండాలా? అన్నీ పెద్దచ్చరాలే తల్లీ, ఈ మిషనుకి సిన్నవి నేవు.

మరి ఎలకలు?… అదీ ఉండనీయమంతావా! కనకరత్నంగారూ, ఇన్నారా, ఎలకలుంటన్నాయి! అంటే, నేవు. నేవని ఉంటంది… ఈత కూడా? నా తల్లే, నా తల్లే!

మడత మీ నాన్నే పెడతన్నాడు. కొత్త షర్టు మడత. నన్ను ముట్టుకోనియ్యడం నేదు… అడ్రసు రాసీసాను, స్టాంపు బిళ్ళలంటించీసాను, భయపడకు… ఎల్లాడు. మెట్లు దిగుతన్నాడు. నాలుగూ ముప్పై ఆరు. సైకిలు మీద పది నిమిషాలు.

కిటికీలోంచి కనపడతన్నాడు, ఉండు… గేటు దగ్గరున్నాడు… సైకిలెక్కటం నేదేటి?… వాచ్‌మేను జగ్గయ్యతో మాటాడతన్నాడు… ఓలమ్మా! కవరు ఇప్పీసాడు! కాయితం తీసి జగ్గయ్యకి సూపిత్తన్నాడు… జగ్గయ్యకి ఇంగ్లీషేటి, తెలుగే రాదు. మీ నాన్నకి మాత్రం వచ్చేటి?… ఆ సుద్దగీత ఉండిపోనాది కదా, దాన్ని బట్టి ఏలెట్టి సూపిత్తన్నాడు. 'ఇక్కడ నా పేరుంది' అంతన్నట్టున్నాడు… జగ్గయ్య లెగిసి సలాం కొడతన్నాడమ్మా!

ఇప్పుడు లారీ డ్రైవర్ని ఆపుతన్నాడు.

బావా! ఒరే కరీం! టైము!… ఇనపడదు ఆడికి. ఇందాక ఇనపడకూడనిదంతా ఇనపడిపోనాది… పెట్టీత్తన్నాను తల్లీ. నాను పరిగెత్తకపోతే ఆ సంచీ కట్టేలోగా ఈడు ఊరందరికీ ఆ లైను సూపించీసేలాగున్నాడు.