ఆరు గాలాలు, ఒక్క చిక్కు లేదు

ఆరు గాలాలు ఒకేసారి నీళ్ళలో వదిలి, పడవ నడుపుకుంటూ, ఒక్క చిక్కు కూడా పడకుండా లాక్కొచ్చే మొనగాడు ఈ ప్రపంచం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడని కెప్టెన్ బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెడుతూ ప్రకటించాడు. ప్రకటించి, ఎదురుగా ఉన్న ముగ్గురి మొహాలూ చూసి, ప్రపంచమంతా తను తిరిగి చూడలేదు గనక ఈ రేవు వరకే అనుకోమన్నాడు. రేవులో కూడా అవతలి గట్టు వాళ్ళ సంగతి సరిగ్గా తెలీదన్నాడు. పోనీ, ఈ బెంచీ మీద మాత్రం తనని మించినవాడు లేడన్నాడు. ఆ బెంచీ మీద ఆయనొక్కడే కూర్చున్నాడు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

కెప్టెన్ అనడమే గాని, ఆయనకున్నది పద్దెనిమిది అడుగుల పడవా, దాని వెనక దగ్గుతూ నడిచే ఇంజనూను. సిబ్బంది అంటూ ఉన్నది బావమరిది ఒక్కడే. పందొమ్మిదేళ్ళు ఆ బావమరిది స్టీరింగు పట్టుకున్నాడు, ఈయన గాలాలు చూసుకున్నాడు. ఏడు నెలల కిందట మోకాళ్ళు అరిగిపోయాయని అతను కూతురింటికి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది కెప్టెనూ, పడవా, వలల కొట్టు మీద రెండు గదులూ. ఆ గదుల్లో పొద్దున బోర్లించిన గ్లాసు సాయంత్రానికి బోర్లించిన చోటే ఉంటుంది, కదిపే చెయ్యి లేక. అందుకే టీ తాగడానికి రేవులోని ఈ టీ కొట్టుకొస్తాడు. ఒక్క టీ గంటన్నర తాగుతాడు.

కానీ ఈ రోజు వచ్చింది టీ కోసం కాదు. రేవు ఆఫీసువాళ్ళు కొత్త రూలు పెట్టారు. రేపట్నుంచి ఒంటరి మనిషితో ఏ పడవా రేవు హద్దుకి గుర్తుగా నీళ్ళలో తేలే ఎర్ర డ్రమ్ము దాటి వెళ్ళడానికి లేదు. రెండో మనిషి పేరూ సంతకమూ ఉన్న కాగితం ఇచ్చి తీరాలి. ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. అప్పటికే నాలుగూ పది. బాబూ, రేపు నాతో వస్తారా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ మాట్లాడగలడు బాబాయి. ముందు కాస్త నోరూరిస్తే మేమొస్తామంటే మేమొస్తామని వాళ్ళే ఎగబడతారని లెక్కేసుకుని కథ ఎత్తుకున్నాడు.

వినేవాళ్ళలో ఒకరు టీ కొట్టు అక్క. రెండోవాడు పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే దర్జీ, మనిషి నీటి బకెట్ చూసినా ఒకడుగు వెనక్కేస్తాడు. మూడోవాడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే మనిషి. డ్యూటీ దిగి, చలికి కందిన చేతులు వేడి గ్లాసు చుట్టూ చుట్టుకుని కూర్చున్నాడు.

"డౌన్‌రిగ్గర్ అంటే ఏమిటో ఈ దర్జీకి తెలీదు, చెప్తా విను" అని మొదలెట్టాడు బాబాయి. "పడవ వెనక చేత్తో తిప్పే చక్రం, దానికి ఉక్కు తీగ, తీగ చివర నీ తలకాయలో సగముండే సీసపు గుండు. లోపల మాత్రం నిండుగా ఉంటుందిలే. గుండు లోతుకి దిగుతుంది, ఆ తీగకే బట్టల క్లిప్పుల్లాంటివి పెట్టి గాలం దారాలు తగిలిస్తాం, పడవ మెల్లగా వెళ్తుంటే ఎరలు లోతులో ఈదుకుంటూ వెనకాలే వస్తాయి. ఒక దారం ఎవడైనా వేస్తాడు. రెండు వేసినవాణ్ణి మనిషి అంటాం. మూడోది వేశాడా, ఇక ఆ రోజంతా కూర్చుని చిక్కులు విప్పుకోవడమే."

తను మాత్రం మొదట్లోనే మూడు వేశాడట. అంతవరకు నమ్మొచ్చు, రేవులో వేసినవాళ్ళున్నారు. కింది దారం పొట్టిగా, దాని పైది కాస్త పొడుగ్గా, ఆ పైది ఇంకా పొడుగ్గా, మెట్లు మెట్లుగా వదలాలట. మలుపు తిప్పేటప్పుడు ఒళ్ళో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు తిప్పాలట. అదీ నిజమే. దర్జీ కూడా తలూపాడు, దారాల విషయం కాబట్టి. ఆ తలూపడమే కొంప ముంచింది. ఎదుటివాడు తలూపితే బాబాయికి పూనకం వస్తుంది.

"ఆ తర్వాత రెండో పక్క ఇంకో మూడు దించా. మొత్తం ఆరు. దించానో లేదో, ఏమైందో చెప్పుకోండి చూద్దాం."

జవాబు కోసం అయినా ఆయన ఆగితేగా. ఆరింటికి ఆరూ ఒకేసారి తగిలాయట, ఒక్కొక్కటి ఈ బల్లంత చేప. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి పడవ కిందినుంచి ముందుకి, ఇంకోటి ఏం తోచక ఉన్నచోటే గుండ్రంగా. రెప్పపాటులో ఆరు దారాలూ కలిసి ఆడపిల్ల జడలా అల్లుకుపోయాయట. చిక్కు పడలేదన్నావు కదా అని అక్క గుర్తు చేసింది. అది చిక్కు కాదు, జడ, చిక్కుకీ జడకీ తేడా తెలీకుండా ఆడదానివెలా అయ్యావు అని ఆయన కసిరాడు. జడని ఎలా అల్లారో అలాగే విప్పాలి గదా, అందుకని పడవని రివర్సులో పెట్టి, ఎడమకోసారి, కుడికోసారి, మధ్యలోంచోసారి తిప్పుతూ పాయ పాయా విప్పేశాడట. చేపలు కూడా సిగ్గుపడి వరసలో నిలబడ్డాయట.

"మరి స్టీరింగు ఎవరు పట్టుకున్నారయ్యా?" అన్నాడు దర్జీ.

"నేనే."

"గాలం కర్రలో?"

"నేనే. ఎడం చేత్తో మూడు, కుడి మోకాలి కింద మూడు. స్టీరింగు కుడి చేత్తో. ఇంకా గడ్డం ఖాళీగానే ఉంది, దాంతో గేరు మార్చా."

అక్క మొహం పక్కకి తిప్పుకుని పాలగిన్నె కలిపింది. బాబాయికి ఎదురుగా గోడ గడియారం కనిపించింది. నాలుగూ ముప్ఫై ఐదు. ఇంకా ఎవరూ ఎగబడలేదు. కథలో పస చాల్లేదనుకున్నాడు పాపం. ఇంకాస్త ఎత్తాడు.

అంతలో సీసపు గుండు అడుగున ఎక్కడో ఇరుక్కుందట. వెనక గుండు వదలదు, ముందు ఆరు చేపలు ఆగవు. తాడు లాగుడు పోటీలో పడవ మధ్యలో ఉంది. వేరేవాడైతే తీగ కోసేసేవాడు. తను ఇంజను పూర్తిగా పెంచి, చేపల్ని పేరుపేరునా అదిలించాడట. ఏదో కదిలింది. గుండు ఊడిందనుకున్నాడట. వెనక్కి తిరిగి చూస్తే కదిలింది గుండు కాదు, గట్టు. గట్టూ, గట్టు మీద రేవూ, రేవులో లంగరేసిన పడవలన్నీ కలిసి మూడు గజాలు ఆయన వెనకాలే వచ్చాయట. ఎదురొస్తున్న పెద్ద ఓడ దారి తప్పానేమోనని హారన్ కొట్టిందట.

"ఈ కొట్టు అంతకుముందు నీళ్ళకి ఎంత దూరంలో ఉండేది? గుర్తు తెచ్చుకోండి."

"అందుకేనా అన్నయ్యా నా వెనక గోడ బీటేసింది" అంది అక్క.

"అందుకే. చెప్తే గోల చేస్తావని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ముగ్గురూ నవ్వారు. ఐసు ఫ్యాక్టరీ మనిషి కూడా పెదవి చివర నవ్వాడు. ఇదే అదననుకుని బాబాయి జేబులోంచి కాగితం తీసి, మడతలు చేత్తో సాపు చేసి బల్ల మీద పరిచాడు. అలాంటి పడవలో రెండో మనిషిగా కూర్చునే అదృష్టం ఒక్కరికే ఉందనీ, ఎవరో వాళ్ళలో వాళ్ళే తేల్చుకోమనీ, తను మాత్రం ఎవరినీ బలవంతపెట్టననీ అన్నాడు.

దర్జీ కాగితం వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు.

"అన్నీ నువ్వే చేసుకుంటున్నావు గదయ్యా. గేరు గడ్డంతో మారుస్తున్నావు. ఇక రెండో మనిషెందుకు, బరువుకా?"

దర్జీ ఆ మాట వేళాకోళానికే అన్నాడు, అందులో విషమేం లేదు. కానీ అరగంటకి పైగా తనే దారం మీద దారం వదిలి, అన్నీ తెచ్చి తన మెడకే చుట్టుకున్నాడని బాబాయికి అప్పుడు తెలిసింది. సాయం కావాలని చెప్పడానికి వచ్చి, తనకెవరి సాయమూ అక్కర్లేదని గట్టు జరిపి మరీ రుజువు చేశాడు. గడియారం నాలుగూ నలభై ఐదు అంది. రేపు ఆ ఎర్ర డ్రమ్ము ఇవతల, కట్టేసిన పడవలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకి కళ్ళకి కట్టింది. నీళ్ళ మీద కూడా ఆ రెండు గదులే.

ఐసు ఫ్యాక్టరీ మనిషి గ్లాసు కింద పెట్టాడు.

"బాబాయ్, ఒక్క మాట. ఈ ఏడు నెలల్లో నువ్వు నా దగ్గర ఒక్క దిమ్మ ఐసు తీసుకోలేదు. రేవులో వేరే ఐసు లేదు. రోజూ పోతున్నావు, రోజూ వస్తున్నావు. మరి ఆ చేపలన్నీ ఏమైనట్టు?"

అక్క గరిటె ఆపింది. బాబాయి చేప ఎగుమతుల గురించి ఏదో మొదలెట్టాడు, అది రెండు మాటలకే చచ్చిపోయింది. వదిలేశానన్నాడు. ఎందుకు వదిలేశావని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంకో కోత కోసేవాడు. అడగకపోయేసరికి బల్ల మీది తడి మరకలు గోటితో కలుపుతూ, అసలు సంగతి స్టీరింగుకి మనిషి లేడు, అంతే, అన్నాడు. కథల్లో ఆయన గొంతు అవతలి గట్టుకి వినిపిస్తుంది. ఈ మాట బల్ల అవతలికి కూడా సరిగ్గా రాలేదు.

ఐసు ఫ్యాక్టరీ మనిషి కాగితం తన వైపు లాక్కున్నాడు. రేపు తనకి సెలవేననీ, వస్తాననీ చెప్పి, అక్క దగ్గర పెన్ను అడిగి తీసుకుని పేరు రాయడం మొదలెట్టాడు. రాస్తూనే, ఆరు గాలాలంటే చేప బాగానే పడుతుంది గదా, ఎన్ని దిమ్మలు వేయించమంటావని అడిగాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే బాబాయి గట్టెక్కేవాడే. నాలుగు దిమ్మలని చెబితే పోయేది. ఆయన పెన్ను వైపు చూశాడు, రాసినంత మేర పేరు వైపు చూశాడు.

"ఐసు వద్దురా" అన్నాడు. "ఎరలకి కొక్కేలు లేవు."

"అంటే?"

"బావమరిది వెళ్ళిపోయిన వారంలోనే అన్నిటికీ పీకేశా. చిక్కు పడేదంతా కొక్కేల వల్లే. మెరిసే ఉత్త రేకు ఎరలకి ఆరేం, పదహారు లాగినా చిక్కు పడదు. పైగా నిజంగా చేప పడితే, దాన్ని చూసుకుంటుంటే పడవని పట్టుకునేదెవరు? ఏడు నెలల్నుంచి అలాగే తిప్పుకొస్తున్నా."

దర్జీ నవ్వబోయి ఎందుకో మానేశాడు. ఐసు ఫ్యాక్టరీ మనిషి తల ఎత్తలేదు. పేరు పూర్తి చేసి, కింద సంతకం పెట్టి, కాగితం బాబాయి ముందుకి తోశాడు. అప్పుడు, కొక్కేలే లేనప్పుడు రోజూ ఆరు కర్రలూ నిలబెట్టి అంత దూరం ఎందుకెళ్తున్నావని అడిగాడు.

బాబాయి కాగితం అందుకున్నాడు.

"చేప వచ్చి రేకుని ఓసారి కొరికి చూస్తుంది. దారం క్లిప్పులోంచి ఊడుతుంది, వంగి ఉన్న కర్ర టక్కుమని లేస్తుంది. అచ్చం ఎవరో తలుపు కొట్టినట్టే ఉంటుందిరా." ఆగి, కాగితం మడత పెడుతూ అన్నాడు. "నేను పైకే, 'ఆఁ, వస్తున్నా' అంటాను."