తోక దగ్గర ఆగిన కుబుసం

కామాటిపుర పదకొండో గల్లీ, వరస గదుల ఒక చాల్‌లో మూడో అంతస్తు గది. ఇల్లు చూడ్డానికి తల్లితో వచ్చిన దర్శన, పెళ్లికొడుకు రితేశ్, టబ్బులో అతని పాము.

"పామును సూడంగనే మీ అమ్మ మెట్లు దిగిందా, దుంకిందా?"

"దుంకినట్టే. మీ అమ్మ నీళ్ల గ్లాసు పట్టుకొని ఎనక ఉరికింది."

"ఫాక్‌లాండ్ రోడ్ దాటేదాక ఆగదిగ. మీరు ఉరకలే?"

"చెప్పులు కనవడ్తలేవు."

"అగో, తలుపు ఎనక..."

"ఉండనియ్యిరి. పాము తోకకు అదేంది, తెల్లగ?"

"కుబుసం. ఒళ్లంత ఊడింది, తోక కొనకు ఉంగరం లెక్క బిగుసుకుంది. మూడు రోజులైంది. గట్లనే ఉంటే నెత్తురు అందక కొన చచ్చిపోతది."

"విషముందా?"

"లేదు. బాల్ పైథాన్. పేరు చింగీ. పెంచుకునేటందుకు సర్కారు కాగితాలున్నయ్. ఈ ఇంట్ల కాగితాలు సక్కగున్నది దానికొక్కదానికే."

"అరే, గుంజుతున్నరేంది? ఆగుండ్రి!"

"మెల్లగనే..."

"మెల్లగ గూడ వద్దు. నేను దవఖానల డ్రెస్సింగ్ చేస్త. అంటుకున్న పట్టీ గుంజితే తోలు గూడ వస్తది. ఎంతసేపు నానవెట్టిండ్రు?"

"పది నిమిషాలు."

"చాలదు. ఇంకిన్ని గోరువెచ్చటి నీళ్లు పొయ్యిరి. ఓ తడి టవలియ్యిరి. తోకకు వదులుగ సుట్టి పట్టుకుంట, అదే పాకుకుంట బయటికొస్తది."

"మీరు పట్టుకుంటరా?"

"మీరు పడ్తరా? చేతులు సూడుండ్రి, ఎట్ల వణుకుతున్నయో."

"లిఫ్టు మెకానిక్‌ని. ఇరవయ్యో అంతస్తుల ఏలాడ్త, వణక. చింగీకి ఏమన్న అయితేనే... పోయినసారి గిట్లనే అయితే నాకే కళ్లు తిరిగినయ్. పక్కింటి పోచయ్య మామ నీళ్లు నా మొఖం మీద కొట్టిండు, చింగీ మీద గాదు."

"నవ్వియ్యకుండ్రి, చెయ్యి కదుల్తది."

"భయం లేదా మీకు?"

"ఉంది. అందుకే మాట్లాడుతుండ్రి. నాకంటె ముందు ఎన్ని సంబంధాలొచ్చినయ్?"

"తొమ్మిది. ఎనిమిది పామును సూసి పోయినయ్."

"తొమ్మిదోది?"

"ఆ పిల్లకు పాము నచ్చింది."

"మరి?"

"నేను నచ్చలే."

"అగో... జరుగుతుంది. జరుగుతుంది! పా చింగీ, పా... ఊడింది!"

"తోకా?"

"కుబుసం! కండ్లు తెరువుండ్రి. కొన మెత్తగుంది, మంచిగ కదుల్తుంది."

"బతికిచ్చిండ్రు. ఏడుస్తలేను, చెమట."

"సరే. మా అమ్మ కిందికెళ్లి పిలుస్తుంది. పాముతోని నాకేం ఇబ్బంది లేదని చెప్త."

"వద్దొద్దు! అట్ల చెప్పకుండ్రి."

"ఎందుకు? నేను నచ్చలేదా?"

"నచ్చిండ్రు. బాగ నచ్చిండ్రు. అందుకే... పాముకు భయపడి వద్దన్న అని చెప్పుండ్రి. నాకు గదే అలవాటు."

"సీదా చెప్పుండ్రి."

"నాకు సోరియాసిస్. ఈపంత. చింగీ నెలకోసారి ఇడుస్తది, నేను రోజూ. పొద్దుగాల పక్క దులిపితే సున్నం రాలినట్టు రాల్తది. అందుకే ఎవరొచ్చినా ముందుగాల పామును సూపిస్త. వద్దన్నా నన్ను గాదు, దాన్ని అన్నరులే అనుకుంట."

"ఈపు సంగతి మీ అమ్మ సంబంధం మాట్లాడిన మొదటి రోజే చెప్పింది. మాకు చెప్పనిది పాము సంగతే."