కంత కింద ఫోటో

నాలుగో తరగతి గది. కప్పులో మనిషి దూరేంత కంత. కింద ఇద్దరు: బడి పెద్ద టీచరు, ఆమె పాత శిష్యుడు, ఇప్పుడు మేయరు పదవికి పోటీ చేస్తున్నవాడు.

“అదే మేడమ్, ఆ రేకులు ఇప్పుడే వేయించొద్దంటున్నాను.”

“పిల్లల తల్లిదండ్రులు తలా కాస్త వేసుకుని కొన్నారు నాయనా. మేస్త్రీ నిచ్చెన కూడా వేసేశాడు.”

“అతన్ని పంపించేశాను.”

“ఎవర్ని? మా మేస్త్రీనా?”

“కోప్పడకండి. ఓట్లయ్యాక ఈ కప్పేమిటి, బడి మొత్తం కొత్తగా కట్టిస్తాను. ఊరంతా నా పోస్టర్లు చూశారుగా? ‘మీ బడి, నా బాధ్యత’.”

“చూశాను. వాటిల్లో ఈ కంత కింద నిలబడి పైకి చూస్తున్నావు. కళ్ళలో నీళ్ళు కూడానూ.”

“దుమ్ము పడింది మేడమ్.”

“బాగానే కలిసొచ్చింది.”

“మరే! ఇవాళ వీడియో కూడా తీస్తున్నాం. ఇప్పుడు కంత మూసేస్తే నేను జనానికి ఏం చూపించను?”

“వాన పడితే?”

“పడితే ఇంకా మంచిది.”

“ఏమన్నావు?”

“అంటే... వీడియోకి మంచిదని.”

“నిన్న పడింది. పిల్లలు పుస్తకాలు చొక్కాల్లో దాచుకుని, గోడకి అంటుకుపోయి కూచున్నారు. ఒక పాపకి జ్వరమొచ్చింది.”

“అయ్యో పాపం. ఆ పాపని పిలిపిస్తారా? పక్కన నిలబెట్టి ఒక్క ముక్క మాట్లాడిస్తే...”

“నాయనా.”

“సరే, సరే. పాప వద్దు. ఓట్లయ్యేదాకా ఓపిక పట్టండి చాలు.”

“నేను పడతాను. పొద్దున ఎన్నికల ఆఫీసు వాళ్ళొచ్చారు, వాళ్ళు పట్టేలా లేరు.”

“వాళ్ళకేం పని ఇక్కడ?”

“ప్రతిసారీ పోలింగ్ బూత్ ఈ గదేగా. మర్చిపోయావా?”

“ఎందుకు మర్చిపోతాను, మా వీధి ఓట్లన్నీ ఇక్కడే. కళ్ళు మూసుకుని నాకే గుద్దుతారు.”

“వస్తే గుద్దుతారు. వాళ్ళు నీ పోస్టర్ చూశారట. ఈ కప్పు ఎవరి నెత్తిన పడుతుందోనని బూత్ మార్చేస్తామన్నారు.”

“ఎక్కడికి?”

“ఊరి ఆ చివరికి. నీ మీద పోటీ చేస్తున్నాయన ఇంటెదురు బడికి.”

“అంత దూరమా? మా ముసలాళ్ళెవరు పోతారు మేడమ్? మా అమ్మే పోదు! మీరు వద్దని చెప్పలేదా?”

“చెప్పాను. ఇవాళ రేకులు వేస్తున్నాం, మధ్యాహ్నం వచ్చి చూసుకోండి అన్నాను. కప్పు బాగుంటే బూత్ ఇక్కడే ఉంచుతామన్నారు.”

“మధ్యాహ్నమంటే ఇంకెంతసేపు? ఉండండి... మేస్త్రీ ఫోనెత్తడం లేదు.”

“ఎందుకెత్తుతాడు? పంపేటప్పుడు ఏం మర్యాద చేశావో.”

“ఇప్పుడెలా మేడమ్?”

“రేకులు అవిగో. సుత్తి కిటికీలో ఉంది. ఈ గదిలో రోజూ బెంచీ ఎక్కినవాడివే, నిచ్చెన ఎక్కలేవా? నేను పట్టుకుంటాను, ఎక్కు.”