నా కుర్చీ ఖాళీగానే ఉంది

సెలవు రోజు ఉదయం. అన్నదమ్ములిద్దరూ నడిపే రెండు కుర్చీల సెలూన్లో అన్న మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు. వెనక తమ్ముడు, చేతిలో కత్తెర. నెలకోసారి ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవడం వాళ్ళ అలవాటు. ఇంకొకరి చెయ్యి పడనివ్వరు.

"తల కదపకు అన్నయ్యా."

"ముందు ఆ కుళాయి కట్టెయ్. టప్పు టప్పుమని ప్రాణం తీస్తోంది."

"కట్టే ఉంది. వాషర్ పోయింది."

"పోతుంది. నాకేది సవ్యంగా ఉంది గనక? పొద్దున్నే చెప్పు తెగింది. దువ్వెన పళ్ళు విరిగాయి. నా కుర్చీ చూడు, పైకి ఎక్కించడం ఆలస్యం, కిందికి దిగిపోతుంది."

"నా కుర్చీ తీసుకో."

"కుర్చీ తీసుకుంటే జనం కూడా వస్తారేంట్రా?"

"మళ్ళీ మొదలెట్టావు."

"మొదలెట్టలేదు, అడుగుతున్నా. నిన్న లెక్కల మాస్టారు గంటసేపు బెంచీ మీద ఎందుకు కూర్చున్నాడు? నా కుర్చీ ఖాళీగానే ఉందిగా?"

"పేపరు చదువుకుంటున్నాడేమో."

"తిరగేసి పట్టుకునా? నవ్వు, నవ్వు. అద్దంలో కనపడుతోంది."

"నవ్వలేదు. గడ్డం దించు."

"కుళ్ళుగా ఉందిరా నాకు. దాచుకోవడం దేనికి? నీకు కత్తెర పట్టడం నేర్పింది నేను. మొన్న మావాడు కూడా 'బాబాయ్ దగ్గరే' అంటూ నీ కుర్చీ ఎక్కాడు. నా కన్నకొడుకు!"

"చెవి కోస్తావని వాడి భయం."

"ఒక్కసారి గీసుకుంది! అదీ ఆ కుళాయి చప్పుడుకి."

"కుళాయి కాదన్నయ్యా. చెప్పు తెగినా, కుర్చీ దిగినా ఆ కోపమంతా కత్తెరలోకి తెస్తావు. కూర్చున్నవాడు బిక్కచచ్చిపోతాడు."

"ఓహో. ఇప్పుడు నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పను. వెళ్ళిపోతున్నా."

"ఎక్కడికి? సగం తల వదిలేసా?"

"ఇవాళ కాదు, ఒకటో తారీఖు నుంచి. వీధి చివర గది మాట్లాడుకున్నా. నేనిక్కడుంటే నీకు రోజూ మంటే. ఏదో ఒకటి అను అన్నయ్యా."

"పో. పీడా పోతుంది. మాస్టార్ని తీసుకుపో, ఆ బ్యాంకాయన్ని తీసుకుపో, మావాణ్ణీ తీసుకుపో. ఆ బెంచీ కూడా పట్టుకుపో."

"బెంచీ ఎందుకు?"

"ఎందుకంటావేంట్రా? మరి నేనొచ్చి ఎక్కడ కూర్చోవాలి, పేపరు తిరగేసి పట్టుకుని?"