బానిసల్ని అడగని రాజీ

సింగపూర్ మెట్రో రైలు యూ టీ స్టేషన్ వైపు మెల్లగా ఊగుతూ పోతోంది. అద్దాల మీద సన్నటి వాన. ఆదివారం కూడా ఆఫీసులో సర్వర్లతో కుస్తీ పట్టి, ట్యూషన్ నుంచి కూతుర్ని వెంటబెట్టుకొస్తున్న తండ్రికి, ఆ పిల్ల రేపు క్లాసులో చెప్పాల్సిన పాఠం కలలో మాటల్లా వినిపిస్తోంది.

"అమెరికాలో కొత్త స్టేట్ చేరినప్పుడల్లా గొడవే డాడీ. అక్కడ బానిసలు ఉండొచ్చా, వద్దా అని."

"అయితే ఏం చేశారు?"

"ప్రతిసారీ కాంప్రమైజ్. బానిసలు కావాలన్నవాళ్లకో స్టేట్, వద్దన్నవాళ్లకో స్టేట్. పారిపోయిన బానిసల్ని పట్టి ఇచ్చెయ్యాలని రూల్ కూడా పెట్టారు. దాంతో కోపాలు ఇంకా పెరిగి, లాస్ట్‌కి సివిల్ వార్."

"సర్దుకుపోయాక కూడా యుద్ధమెందుకమ్మా?"

"వాళ్లలో వాళ్లే సర్దుకున్నారు కదా! బానిసల్ని ఎవరూ అడగలేదు."

తండ్రి నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"సుమి అక్క లీవ్ కోసం మీరూ అమ్మా ఎంత కొట్లాడుకున్నారు! నెలకో ఆదివారం, అదీ హాఫ్ డే అని సెటిల్ చేశారు. అక్కని అడిగారా?"

సుమి ఇండోనేషియా అమ్మాయి. రెండేళ్లుగా వాళ్లింట్లోనే ఉండి వంటా పనీ చూస్తోంది. తండ్రి ఇంటికి ఫోన్ చేశాడు.

"సుమీ, ఆదివారాలు ఇక నీవే. ఏం చెయ్యాలనుంది నీకు?"

"మేడమ్‌కి కోపమొస్తుంది సార్."

"రానీ. నేను మాట్లాడతాను. నువ్వు చెప్పు."

అవతల కుళాయి నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించి, ఆగింది.

"సముద్రం చూడాలి సార్. ఇక్కడికొచ్చాక ఒక్కసారీ చూళ్లేదు."